ఒడ్డమ్మ బావి మీద నా రాత

ఆ అబద్ధం రాయడానికి నాకు ఒక్క ఆదివారం మధ్యాహ్నం పట్టింది. చెరపడానికి ఏళ్ళుగా తిరుగుతున్నాను. ఇంకా చెరగలేదు.

నేను సోషల్ టీచర్ని. పత్తికొండ దాటి ఆదోని పోయే దారికి కొంచెం లోపలగా ఉన్న ఒక ఊళ్ళో, హైస్కూల్లో ఎనిమిదేళ్ళు పనిచేశాను. వాన పడితే శనగ, వేరుశనగ పండే నేల. పడకపోతే సగం ఊరు సుగ్గికి పోతుంది, అంటే మూటాముల్లె కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. ఆ నెలల్లో నా క్లాసులో సగం బెంచీలు ఖాళీగా ఉండేవి. హాజరు పిలుస్తూ పోతే నా గొంతే నాకు వినిపించేది.

ఊరికి ఉత్తరాన, నల్లరేగడి చేల నడుమ, ఒక దిగుడుబావి ఉంది. నాలుగు దిక్కులా మెట్లు. సున్నం లేకుండా రాయికి రాయి ఎంత బిగించి పేర్చారంటే సందులో గడ్డిపరక దూరదు. ఎండాకాలం కుళాయిలు ఆగిపోతే ఊరంతా బిందెలు తీసుకుని అక్కడికే పోతుంది. దాన్ని ఒడ్డమ్మ బావి అంటారు. ఎందుకంటారని స్టాఫ్ రూములో అడిగితే, ఆ ఊరివాడే అయిన మా తెలుగు మాస్టారు, "ఏమో మేడమ్, మా తాతలు అట్లే అంటాండిరి" అన్నాడు.

ఎందుకో తెలిసిన మనిషి ఊరి చివర వడ్డెర కాలనీలో ఉంది. డెబ్బై దాటిన అవ్వ. మొగుడు రాళ్ళు కొట్టి కొట్టి ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. కొడుకు కంకర మిషన్ దగ్గర పని. ఆమె మనవరాలు నా క్లాసులో చదివేది. మన ఊరి చరిత్ర గురించి ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాసుకురమ్మని ఒకసారి పిల్లలకు చెప్పాను. ఆ పిల్ల అరపేజీ రాసింది. బావి తవ్వుతుంటే ఒక పక్క కూలి మీదపడి ఒడ్డె పెద్ద, అంటే రాతిపని చేసే వడ్డెరల మేస్త్రీ, చచ్చిపోయాడట. అతని పెండ్లాం ఏడ్చుకుంటూ పుట్టింటికి పోలేదట. మొగుడు వదిలిపెట్టిన గడ్డపార అందుకుని, తనవాళ్ళని కూడగట్టుకుని, నీళ్ళు పడేదాకా తవ్వి, రాయి పేర్చి బావి పూర్తి చేసిందట. క్లాసులో చదివిస్తే ముందు బెంచీ పిల్లలు నవ్వారు. ఆడది బావి తవ్వడమేందని.

నేను నవ్వలేదుగానీ నమ్మనూ లేదు. నమ్మకుండానే అవ్వను చూడ్డానికి పోయాను.

"నమ్మొద్దులే మేడమ్," అంది అవ్వ, నా మొహం చూసే కనిపెట్టి. "నేను సదువులేందాన్ని. కానీ ఆ బావిలో ఏడు మెట్లు దిగితే పడమటి గోడకు రాత ఉండాది. ఆ రాతలో మా జేజి, మా ముత్తవ్వల అవ్వ, ఉండాదని మా అత్త చెప్పె. నువ్వు సదువుకున్నావు గదా, పోయి సదువు."

పోయి చూశాను. నాచు, ఉప్పుపొర కింద అక్షరాల ఆనవాళ్ళు. నాకు ఒక్కటీ అర్థం కాలేదు. కడపలో ఒక రిటైరైన చరిత్ర లెక్చరర్ ఉండేవాడు. కమలాపురం దగ్గర పల్లె ఆయనది. శాసనం అంటే అన్నం మానేసి పరిగెత్తే మనిషి. ఫోన్ చేస్తే రెండు బస్సులు మారి వచ్చాడు. రాయిని కడిగి, తడి కాగితం అంటించి, బ్రష్షుతో తట్టి తట్టి అక్షరాల గుంటల్లోకి కాగితాన్ని దించి, పైన సిరా అద్దాడు. కాగితం మీద నల్లటి నేలలో తెల్లటి అక్షరాలు లేచాయి. బావి మెట్ల మీద మా పిల్లలు, ఊరివాళ్ళు, కాలనీవాళ్ళు నిలబడి ఉండగా ఆయన వేలుపెట్టి చదివాడు.

అవ్వ చెప్పిందే. కరువు ఏడాది. బావి పక్క కూలి మీదపడి చనిపోయిన ఒడ్డెవాడు. అతని భార్య బావి ముగించి మనుషులకూ పశువులకూ వదిలిపెట్టింది. ఆమె పేరుండాల్సిన చోట మాత్రం రాయి పెచ్చు ఊడిపోయింది. మిగిలిందల్లా ఒడ్డె అన్న మాటా, భార్య అన్న మాటా.

అవ్వ మెట్టు మీద కూలబడింది. ఏడ్చిందనుకున్నాను. కాదు, నవ్వుతోంది. "నేను చెప్తే ఎవురూ నమ్మలా. రాయి చెప్తే నమ్మిరి," అంది. ముందు బెంచీ పిల్లల వైపు తిరిగి, "ఏమప్పా, ఇంగా నగుతారా?" అని అడిగింది.

ఆ రోజు నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. అది తల్చుకుంటేనే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

మరుసటి ఏడాది ఆ బావిని బాగుచేయడానికి ప్రభుత్వం నుంచి నిధులు వచ్చాయి. తెచ్చింది ఆ ఊరి పెద్దాయన. ఒకప్పుడు ఎమ్మెల్యే. భూములన్నీ కౌలుకిచ్చి కర్నూల్లో వ్యాపారాలు చేసుకుంటూ, ఎలక్షన్ల ముందు మాత్రం ఊళ్ళో పెళ్ళిళ్ళకీ చావులకీ కనిపించే మనిషి. బావి చుట్టూ గోడ, ముందు ఆర్చి, గ్రానైటు బోర్డు. పనికి కాలనీవాళ్ళనే పెట్టారు. రాయి పని ఇంకెవరికొచ్చు?

ఒక శనివారం సాయంత్రం హెడ్మాస్టరూ, పెద్దాయన మనిషీ కలిసి నేను అద్దెకున్న ఇంటికి వచ్చారు. బోర్డు మీద బావి చరిత్ర రాయాలి. కరపత్రం కూడా వేయాలి. పెద్దాయన ముత్తాత కట్టించాడని రాయాలి.

"శాసనం ఉంది కదా సార్," అన్నాను హెడ్మాస్టరుతో. "మీరే చూశారు. మీ ముందే చదివారు."

హెడ్మాస్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. పెద్దాయన మనిషి నవ్వాడు. "కూలోళ్ళు తవ్వకుండా దొరలు తవ్వుతారా మేడమ్? తవ్వింది వాండ్లే, కాదంటాండామా? భూమి ఎవురిది? మాది. తవ్వించింది ఎవురు? మావాళ్ళు. అంతే గదా." తర్వాత అదే గొంతుతో, "సారుకు ఆరోగ్యం ఎట్లుండాది?" అని అడిగాడు.

నా భర్త ఆర్టీసీలో కండక్టరుగా చేసి, కిడ్నీలు చెడి, కర్నూల్లో డయాలసిస్ మీద ఉన్నాడు. వారానికి రెండుసార్లు. నేను స్కూలు వదిలి బస్సెక్కి పోతే డయాలసిస్ టైముకు ఒకసారి అందుకునేదాన్ని, ఒకసారి అందుకునేదాన్ని కాదు. కర్నూలుకు ట్రాన్స్‌ఫర్ కోసం మూడేళ్ళుగా తిరుగుతున్నాను. ఆ సంగతి పెద్దాయన మనిషికి తెలుసు. తెలిసే అడిగాడు. వాళ్ళు గొంతు పెంచి బెదిరించలేదు. ఆ పని ఎంత మర్యాదగా చేశారంటే, పోయేటప్పుడు నేనే వాకిలిదాకా వెళ్ళి సాగనంపాను.

ఆదివారం మధ్యాహ్నం కూర్చుని రాశాను. నన్ను నేను మోసం చేసుకోవడానికి నాకు వ్యాకరణం సాయపడింది. 'కట్టిన' అని రాస్తే అబద్ధం. 'కట్టించిన' అని రాస్తే, అందులో కట్టినవాళ్ళు కూడా ఉన్నారు కదా అని సర్దిచెప్పుకున్నాను. మన భాషలో ఆ చిన్న 'ఇంచు' ఎంత పెద్ద దొంగో ఆ రోజు తెలిసింది. చెమట ఒకరిదీ పేరు ఇంకొకరిదీ చేసేస్తుంది. మన కోటలు కట్టించినవాళ్ళు తెలుసు, చెరువులు తవ్వించినవాళ్ళు తెలుసు. కట్టినవాళ్ళు, తవ్వినవాళ్ళు తెలియదు. ముప్పై ఏళ్ళు అదే పాఠం చెప్పాను. పరీక్షలో అదే అడిగి, అది రాసినవాళ్ళకే మార్కులు వేశాను.

'కరువు కాలంలో ప్రజల దాహం తీర్చడానికి కట్టించిన బావి' అని ముగించాను. వాక్యం బాగా కుదిరింది. అదొక పాపం.

ప్రారంభోత్సవం నాడు షామియానా వేశారు. ఆర్చి మీద పెద్దాయన ముత్తాత బొమ్మ, పక్కన పెద్దాయన బొమ్మ. నన్ను స్టేజీ మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. కాలనీవాళ్ళు షామియానా బయట, ఎండలో. వాళ్ళు పేర్చిన మెట్లే అవి, వారం కిందట. మంత్రాలయం నుంచి తెచ్చిన ప్రసాదం పంచుతున్నారు. పెద్దాయన మాట్లాడుతూ తన ముత్తాత దయ గురించి చెప్పాడు. నేను రాసిచ్చిన మాటలే, ఒకటీ తప్పకుండా.

అప్పుడు బయటినుంచి ఒక గొంతు లేచింది.

"మా జేజి యాడుండాది?"

అవ్వ. లేచి నిలబడింది. ముందుకు నడిచింది. ఎవరో చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. "గోడకు రాత లేదు. సిమెంటు పూసినారు. మా జేజి యాడుండాది, చెప్పండి."

నాకు ఆ క్షణం వరకూ తెలియదు. నిజంగా తెలియదు. కానీ తెలియదని చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది, ఎందుకంటే నేను పని జరిగినన్ని రోజులూ బావి దిగి చూడలేదు. చూడాల్సొస్తుందని చూడలేదు.

"కూచో అవ్వా, తర్వాత మాట్లాడదాం," అన్నాడు పెద్దాయన మైకులో, నవ్వుతూ.

అవ్వ ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది. "మేడమ్, నువ్వు చెప్పు. నీకు తెలుసు గదా. నువ్వే గదా సదివించింది. లేసి చెప్పు."

శాలువా నా భుజాల మీద ఉంది. మెడంతా చెమట. మా పిల్లలు ముందు వరసలో కూర్చుని నా వైపే చూస్తున్నారు. నేను తల వంచుకున్నాను. ఎంతసేపని చెప్పలేను. ఇద్దరు కానిస్టేబుళ్ళు అవ్వను పక్కకు తీసుకుపోయే వరకూ.

ట్రాన్స్‌ఫర్ రెండు నెలల్లో వచ్చింది.

కర్నూల్లో నా భర్త ఆ కరపత్రాన్ని డయాలసిస్ వార్డులో పక్క మంచం మనిషికి చదివి వినిపించేవాడు. "మా ఆమె రాసింది. చూడప్పా ఎంత బాగా రాసిందో." నిజం ఆయనకు చెప్పలేదు. చెబితే, ఆ ట్రాన్స్‌ఫర్ తన కోసమే అమ్ముడుపోయి తెచ్చుకున్నానని కుమిలిపోతాడని. రెండేళ్ళ తర్వాత పోయాడు, నేను మంచి రచయిత్రినన్న నమ్మకంతోనే.

ఆ మధ్యలోనే కొత్త స్కూల్లో ఒక పదో తరగతి పిల్ల జిల్లా చారిత్రక ప్రదేశాల మీద ప్రాజెక్టు చేసి నా చేతికిచ్చింది. ఇంటర్నెట్లో దొరికిందట. మూడో పేజీలో బావి. 'కరువు కాలంలో ప్రజల దాహం తీర్చడానికి కట్టించిన బావి.' నా వాక్యం నా ముందుకే వచ్చింది, రంగు స్కెచ్చులతో, చుట్టూ పూలబొమ్మలతో. "బాగుందా మేడమ్?" అని అడిగింది. బాగుందని సంతకం పెట్టాను. మళ్ళీ.

రిటైరైన నెలకే ఆ ఊరికి పోయాను. కాలనీలో అవ్వ ఇంటిముందు నిలబడ్డాను. ఆమె అరుగు మీద కూర్చుని చేటతో గింజలు చెరుగుతోంది. కంటిచూపు తగ్గింది గానీ నన్ను గుర్తుపట్టింది. రమ్మనలేదు.

"తప్పు చేశాను అవ్వా," అన్నాను.

"తెలుసు."

"క్షమించమని అడగడానికి వచ్చాను."

చేట పక్కన పెట్టింది. "నాతో ఎందుకు చెప్తాండావు? నన్ను అందరి ముందర గదా లాక్కపోయింది. పోయి అందరి ముందర చెప్పు. ఈడ చెప్తే ఏం లాభం, నాకు తెలిసిందే మళ్ళా నాకు చెప్పి?"

ఆమె కోపం చూసి నా ఏడుపు ఆగిపోయింది. మంచిదే అయింది. ఏడ్చి ఉంటే ఓదార్పు దొరికేది, పని జరిగేది కాదు.

కడప లెక్చరర్ దగ్గర కాగితం అచ్చు భద్రంగా ఉంది. ఒక్క మాట కూడా తిట్టకుండా ఇచ్చాడు. అది పట్టుకుని కలెక్టరాఫీసులో అర్జీలు పెట్టాను. 'పరిశీలనలో ఉంది' అన్న జవాబు మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ వేరే వేరే సంతకాలతో. ఇక లాభం లేదని ఆ ఊరి గ్రామసభకు పోయాను. లేచి నిలబడి, అచ్చు విప్పి, శాసనంలో ఉన్నది చదివాను. తర్వాత, "ఆ బోర్డు రాసింది నేనే. అబద్ధమని తెలిసే రాశాను," అని చెప్పాను.

పెద్దాయన తరఫు మనిషొకడు లేచాడు. "ఇన్నేండ్లు యాడ పోయినావు మేడమ్? ట్రాన్స్‌ఫర్ తీసుకునేటప్పుడు ఈ నిజం యాడ పెట్టుకుంటివి?"

సభ నవ్వింది. ఆ మాట అనే హక్కు ఆ మనిషికి లేదు. కానీ ఆ మాటలో తప్పు లేదు. "జేబులో పెట్టుకున్నాను," అన్నాను. నవ్వు ఆగింది.

మరునాడు పొద్దున కాలనీనుంచి ముగ్గురు మగవాళ్ళు సుత్తులూ ఉలులూ తీసుకుని బావి దిగారు. నన్ను పిలవలేదు, నేనే వెనక పోయాను. ఏడో మెట్టు దగ్గర సిమెంటును జాగ్రత్తగా, గుడ్డు పెంకు ఒలిచినట్టు ఒలిచారు. సిమెంటు పట్టాలని, పూసేముందు రాతి మీద నిండా గాట్లు కొట్టారు. అక్షరాల మీద అక్షరం కనబడకుండా గాట్లు. చివరి వరసలో పశువులకు అన్న మాట ఒక్కటి సగం మిగిలింది.

"ఎవరు కొట్టింది ఇది?" అని అరిచాను.

ముగ్గురిలో ఒకడు ఉలి కింద పెట్టాడు. అవ్వ కొడుకు. "నేనే మేడమ్. రాత అని తెలుసు. మా అమ్మ చెప్పింది. 'రాతంతా ఫోటో తీసుకున్నాం, బోర్డు మీద అదే చెక్కుతాం, దీనికి సిమెంటు పూస్తేనే గోడ నిలబడతాది' అని కాంట్రాక్టరు చెప్పినాడు. బోర్డు పెట్టినారు. దాంట్లో ఏముండాదో నాకు సదవడం రాదు. అమ్మకూ రాదు. సదివే పాప అప్పుడు హాస్టల్లో ఉండె. మా జేజే ఉండాదనుకుంటి."

నా బోర్డు. నేను రాసిన బోర్డు. అది ప్రారంభోత్సవం నాడు పెద్దాయన మైకులో చదివేదాకా, తన జేజి కథే అని నమ్ముకుని, ఆ మనిషి తన చేతుల్తోనే తన జేజిని గాట్లు కొట్టి చెరిపేశాడు. నాకు ఆ క్షణాన ఆ ఆర్చిని తల్తో గుద్దాలనిపించింది.

వారానికల్లా పోలీసులు ముగ్గురి మీదా కేసు పెట్టారు. ప్రభుత్వ నిధులతో కట్టిన గోడను ధ్వంసం చేశారని. శాసనాన్ని ధ్వంసం చేసినందుకు కాదు. దానికి ఎవరి మీదా కేసు లేదు.

కోర్టులో నేను వాళ్ళ తరఫు సాక్షిని. మొన్నటి వాయిదాకు నన్ను బోను ఎక్కించారు. ప్రభుత్వ వకీలు చిన్న వయసువాడు, చురుకైనవాడు.

"మీరు శాసనం ఉందంటున్నారు. చూపిస్తారా? కాగితం కాదు. శాసనం."

"చూపించలేను. ఉలితో కొట్టి చెరిపేశారు."

"ఎవరు?"

చెబితే ముద్దాయి మీదే చెప్పినట్టవుతుంది. వకీలు మళ్ళీ అడిగాడు. అప్పుడు వెనక నిలబడ్డ అవ్వ కొడుకు చెయ్యెత్తాడు. వాళ్ళ వకీలు కూర్చోమని సైగ చేస్తున్నా వినలేదు.

"నేనే సామీ. సదువు రాక కొట్టినా." జడ్జి వైపే చూస్తూ, నెమ్మదిగా అన్నాడు. "ఆ మేడమ్‌కు సదువొచ్చు. ఆమె సదువొచ్చి రాసిచ్చింది. మా ఇద్దరిలో ఎవురిది పెద్ద తప్పో అది కూడా రాసుకోండి."

జడ్జిగారు కలం ఆపి నా వైపు చూశారు. "అవునా?" అని అడిగారు.

"అవును," అన్నాను. "అలాగే రాసుకోండి."

కేసు ఇంకా నడుస్తోంది. బోర్డు అక్కడే ఉంది. మా బంధువులు, ఈ వయసులో ఈ తిరుగుళ్ళు ఎందుకు, వదిలెయ్యమంటారు. బీపీ పెరిగిందని డాక్టరు కోపం తగ్గించుకోమన్నాడు. తగ్గించుకోను. ఆ రోజు స్టేజీ మీద రావాల్సిన కోపం ఇది. ఇన్నేళ్ళు ఆలస్యంగా వచ్చింది. వచ్చిందాన్ని మళ్ళీ శాలువా కప్పి కూర్చోబెట్టడం నా వల్ల కాదు.